ఇరుక్కున్న పిస్టన్ ముందు ఇంజనీరింగ్ డిగ్రీ

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైతే చాలు, జూనియర్ల నుంచి రెజ్యూమెలు వరసకట్టి వస్తుంటాయి. ‘అన్నా, ఒక్కసారి చూసి చెప్పవా’ అంటూ. చూస్తాను. దాదాపు ప్రతిదాంట్లో ఒక లైను మాత్రం ఖాయంగా ఉంటుంది: ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్. ఏ ప్రాబ్లమ్ సాల్వ్ చేశావు తమ్ముడూ అంటే కోడింగ్ సైట్‌లో రెండొందల ప్రశ్నలు, లేదంటే ఫైనలియర్ ప్రాజెక్టు. ఆ ప్రాజెక్టు ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరికీ తెలుసు కాబట్టి దాని జోలికి వెళ్లం.

అందుకే కొన్నాళ్లుగా అందరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నా. బైక్ ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ ఉంది. ప్యాడ్లు అరిగాయి. పాతవి తీశావు, కొత్తవి పెట్టబోయావు. పట్టట్లేదు. కాలిపర్‌లో ఉండే పిస్టన్ బయటికొచ్చి అక్కడే బిగుసుకుపోయింది, లోపలికి పోనంటోంది. ఏం చేస్తావు?

‘గట్టిగా నొక్కుతా’ అన్నవాళ్లే ఎక్కువ. కొందరు సి-క్లాంప్ పెడతామన్నారు. ఒకడు సుత్తి అన్నాడు, నిజాయతీకి మెచ్చుకున్నా. వీడియోలు చూసే అలవాటున్న ఇద్దరు ముగ్గురు తుప్పు వదిలించే స్ప్రే కొడతామన్నారు. ‘అసలు ఎందుకు ఇరుక్కుంది?’ అని తిరిగి అడిగినవాళ్లు నాకు ఇప్పటిదాకా ఇద్దరే తగిలారు. అందులో ఒకమ్మాయి ఈసీఈ బ్రాంచి. వాళ్ల నాన్న ట్రాలీ ఆటో నడుపుతాడట.

నా వాదన ఇదే. ఉద్యోగం వెతుక్కుంటున్న ఇంజనీరింగ్ విద్యార్థి, ఏ బ్రాంచి అయినా సరే, పాడైన ఒక నిజమైన వస్తువును పట్టుకుని దాని జబ్బు మూలం దాకా వెళ్లి చూడాలి. ఒక్కటి చాలు. పది సర్టిఫికెట్లు ఇవ్వని చూపు అది ఇస్తుంది. అలాంటి వస్తువుల్లో బ్రేక్ కాలిపర్ కంటే మంచిది నాకు కనపడలేదు. చవక, చిన్నది, అరచేతిలో పడుతుంది. పాస్కల్ సూత్రం నుంచి రబ్బరు రసాయనం దాకా అందులో ఉంది. తప్పు చేస్తే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ‘ఏదోలే’ అని వదిలేయడానికి కూడా ఉండదు.

ఇది చూడాలంటే బేగంబజార్ వెళ్లండి. డిస్క్ ప్యాడ్లు కొనడానికని కాదు. స్పేర్ పార్టులకు వేరే వీధులున్నాయి. బ్రేకు అనేది రోజంతా ఎంత కష్టపడుతుందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది. అఫ్జల్‌గంజ్ వైపు నుంచి లోపలికి తిరిగిన దగ్గర్నుంచీ బండి పది అడుగులు పోవడం, ఆగడం, మళ్లీ పది అడుగులు. ముందు హమాలీ లాగే బండి, పక్కన స్టీలు గిన్నెల మూటలు, వెనక హారన్. ఫీల్‌ఖానా అంటే ఏనుగుల శాల. పేరైతే మిగిలింది, ఇప్పుడక్కడ పాత్రల దుకాణాల మధ్య స్కూటర్ తిప్పడానికే జాగా దొరకదు. సీటు మీద ఇద్దరి బరువంత సరుకు కట్టుకుని, కాలు కింద ఆన్చి, లివర్ మీద నుంచి వేళ్లు తీయకుండా నడిపే కుర్రాళ్లు గంటలో ఎన్నిసార్లు బ్రేకు నొక్కుతారో లెక్కపెట్టండి. హైవే మీద తిరిగే బండి వారంలో నొక్కినన్ని నొక్కులు ఇక్కడ ఒక్క పూటలో పడతాయి. పైగా దుమ్ము, వానాకాలం బురద.

అలాంటి బండి ప్యాడ్లు మార్పించుకోవడానికి వస్తే మెకానిక్ దగ్గర ఉండే టైము అరగంట. ఓనరు పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటుంటాడు. సేటు దగ్గర్నుంచి ‘ఎక్కడున్నవ్’ అని కాల్ వస్తూనే ఉంటుంది. పిస్టన్ పోకపోతే పాత ప్యాడ్ అడ్డం పెట్టి, పెద్ద స్క్రూడ్రైవర్‌తో మెదిపి, లోపలికి నెట్టేసి పంపిస్తారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఆ అరగంటకు వాళ్లకొచ్చే కూలి చూస్తే, కాలిపర్ మొత్తం విప్పి కడగమని చెప్పే నోరు నాకు లేదు. అయితే ఆ సందుల్లోనే ఒక ఉస్తాద్ నాతో ఒక మాటన్నాడు. నేను కూడా పక్కన కూర్చుని ‘నూకితే పోతదేమో అన్నా’ అంటుంటే, ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ‘భయ్యా, గిది ఇయ్యాల ఇర్కలే. ఆర్నెల్ల సంది ఇర్కుతున్నది. నువ్వు ఇయ్యాల సూస్తున్నవ్, గంతే’ అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎలాగో చూద్దాం.

డిస్క్ బ్రేకు ఆలోచన కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1953లో లెమాన్ రేసును జాగ్వార్ కారు డిస్క్ బ్రేకులతో గెలిచాక ప్రపంచం దాన్ని సీరియస్‌గా తీసుకుంది. అప్పటికీ ఇప్పటికీ సూత్రం ఒకటే. మీరు లివర్ నొక్కుతారు. హ్యాండిల్ మీదున్న మాస్టర్ సిలిండర్‌లో చిన్న పిస్టన్ కదులుతుంది. పైపులో ఉన్న బ్రేక్ ఆయిల్ ఆ ఒత్తిడిని కింద చక్రం దగ్గరున్న పెద్ద పిస్టన్ దాకా తీసుకుపోతుంది. అది ప్యాడ్‌ను డిస్క్‌కు అదుముతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో రెండు మార్కులకు రాసిందే.

ఆ రెండు మార్కుల్లో లేని ప్రశ్న ఒకటుంది. లివర్ వదిలేశాక పిస్టన్ వెనక్కి ఎలా వస్తుంది? డ్రమ్ బ్రేకులో స్ప్రింగ్ ఉంటుంది, అది లాగుతుంది. మామూలు డిస్క్ కాలిపర్‌లో పిస్టన్‌ను లాగే స్ప్రింగ్ ఏదీ లేదు. మెకానికల్ ఫైనలియర్ వాళ్లను అడిగి చూడండి, సగం మంది ఆగిపోతారు.

లాగేది ఒక రబ్బరు రింగు. కాలిపర్ గోడలో ఒక గాడి ఉంటుంది, అందులో చతురస్రం కోతతో ఉన్న సీల్ కూర్చుని పిస్టన్‌ను చుట్టూ పట్టుకుని ఉంటుంది. ఆయిల్ బయటికి కారకుండా ఆపడం దాని మొదటి పని. రెండో పని ఇంకా అందంగా ఉంటుంది. పిస్టన్ ముందుకు కదిలినప్పుడు ఈ సీల్ జారదు, దాన్ని పట్టుకునే కొద్దిగా మెలిపడి సాగుతుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తూ పిస్టన్‌ను కూడా వెంట తీసుకొస్తుంది. ఎంత దూరం? వెంట్రుకవాసి. మిల్లీమీటరులో చిన్న భాగం. ఆ కాస్త ఖాళీతోనే చక్రం తేలిగ్గా తిరుగుతోంది. ప్యాడ్ అరిగేకొద్దీ సీల్ సాగగలిగిన దానికంటే ఎక్కువ దూరం వెళ్లాల్సి వస్తుంది కాబట్టి, పిస్టన్ సీల్ మీద కొంచెం కొంచెం ముందుకు జారి అక్కడ కొత్త ఇల్లు కట్టుకుంటుంది. డ్రమ్ బ్రేకుకు చేసినట్టు నట్టు తిప్పి అడ్జస్ట్ చేయాల్సిన అవసరం లేకపోవడానికి కారణం ఇదే. ఒక్క రబ్బరు రింగు సీల్‌గా, స్ప్రింగ్‌గా, ఆటోమేటిక్ అడ్జస్టర్‌గా మూడు ఉద్యోగాలు చేస్తోంది. జీతం మాత్రం ఒక్కదానికే, మన స్టార్టప్‌ల లాగా.

ఇప్పుడు ఉస్తాద్ మాటకు వద్దాం. ప్యాడ్ 3 మిల్లీమీటర్లు అరిగిందనుకోండి. పిస్టన్ 3 మిల్లీమీటర్లు బయటికి వచ్చి నిలబడింది. ఆ బయటపడ్డ భాగం మీద నెలల తరబడి ప్యాడ్ నుంచి రాలే నల్లపొడి, బురద, వాన నీళ్లు చేరి ఎండి పెచ్చుకడతాయి. బయట ఇంకో సన్నటి డస్ట్ సీల్ ఉంటుంది, అది చిరిగితే ఆ చెత్త ఇంకాస్త లోపలికి పోతుంది. లోపలి వైపు సంగతి వేరు. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమతో లోపల తుప్పు మొదలవుతుంది. సీల్ గాడిలో తెల్లటి పొడి పేరుకుని రబ్బరును పిస్టన్ మీదికి బిగిస్తుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు బండి నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే పిస్టన్ ముందుకు మాత్రమే పోతోంది, అటువైపు నెట్టడానికి ఆయిల్ ఒత్తిడి ఉంది. వెనక్కి రావాలంటే పాపం ఆ రబ్బరు బలం ఒక్కటే. అందుకని మొదట పోయేది ఆ వెంట్రుకవాసి వెనకడుగు. ప్యాడ్ డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటుంది. మైలేజీ తగ్గుతుంది, డిస్క్ వేడెక్కుతుంది, ప్యాడ్లు తొందరగా అయిపోతాయి. ఓనరు ‘ఈ కంపెనీ ప్యాడ్లు బాలేవు’ అనుకుని వేరే కంపెనీవి కొంటాడు. కొత్త మందమైన ప్యాడ్లు పెట్టాలంటే పిస్టన్ వెనక్కి పోవాలి కదా, ఆ రోజు మొదటిసారి జబ్బు మన కంట పడుతుంది.

అలాంటప్పుడు స్క్రూడ్రైవర్‌తో నెడితే ఏమవుతుంది? పిస్టన్ లోపలికి పోవచ్చు. దాంతోపాటు ఆ పెచ్చు కూడా పోయి సీల్ అంచును గీకుతుంది. ఇవాళ బండి వెళ్లిపోతుంది, కొన్నాళ్లకు అదే చక్రం మళ్లీ బిగుస్తుంది, లేదా ఆయిల్ కారడం మొదలవుతుంది.

ఇంకో సంగతి. పిస్టన్ పోవట్లేదంటే తప్పు పిస్టన్‌దే అని ఎవరు చెప్పారు? నాకు నచ్చిన భాగం ఇదే. కాలిపర్ మీద బ్లీడర్ నిప్పుల్ ఉంటుంది. దానికి సన్నటి పైపు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టి, నిప్పుల్ కొంచెం వదులు చేసి అప్పుడు పిస్టన్‌ను నొక్కి చూడండి. తేలిగ్గా పోయిందా? అయితే కాలిపర్ అమాయకురాలు. ఆయిల్‌కు వెనక్కి వెళ్లే దారి పైన ఎక్కడో మూసుకుంది. రబ్బరు గొట్టం లోపల ఉబ్బి వాల్వులా పనిచేస్తుండొచ్చు, లేదా మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగి డబ్బాలోకి వెళ్లే సూదిబెజ్జం లాంటి రంధ్రం పూడుకుని ఉండొచ్చు. నిప్పుల్ వదులు చేసినా కదల్లేదా? అప్పుడు అనుమానం కాలిపర్ మీదే. రెండు ప్యాడ్లలో ఒకటే బాగా అరిగి, రెండోది కొత్తదానిలా ఉంటే కాలిపర్ జారే పిన్నులు తుప్పు పట్టాయేమో కూడా చూడాలి. చాలామంది పిస్టన్‌ను తిట్టేది ఈ పిన్నుల పాపానికే. ఒక్క నిప్పుల్ అరచుట్టు తిప్పితే అనుమానితుల్లో సగం మంది జాబితా నుంచి తప్పుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో వందల ఫైళ్లున్న ప్రోగ్రాంలో తప్పు ఏ సగంలో ఉందో తేల్చి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి వెతుకుతాం కదా, బుర్ర ఇక్కడా అదే. అందుకే ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లకు కూడా ఇది చెబుతున్నా.

సరే, పిస్టనే ఇరుక్కుందని తేలింది. లోపలికి నెట్టడానికి ముందు దాన్ని ఇంకొంచెం బయటికి తేవాలి. వినడానికి తిక్కగా ఉంటుంది గానీ, దాగిన భాగం కనిపిస్తేనే శుభ్రం చేయగలం. బయటికి తీసుకురావడానికి అన్నిటికంటే బలమైన పనిముట్టు మీ చేతిలోనే ఉంది, బ్రేక్ లివర్. లెక్క వేద్దాం. మాస్టర్ సిలిండర్ వ్యాసం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 1.27 చదరపు సెంటీమీటర్లు. వేళ్లతో 6 కిలోల బలం పెట్టారు, లివర్ దాన్ని 5 రెట్లు చేసింది, 30 కిలోలు. ఆయిల్‌లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 24 కిలోలు. కింద 30 మిల్లీమీటర్ల పిస్టన్ ఉంటే దాని వైశాల్యం 7 చదరపు సెంటీమీటర్ల పైమాటే. అంటే పిస్టన్ వెనక సుమారు 167 కిలోల తోపు. మెల్లగా, మన అదుపులో. అదే పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి 7 కిలోల ఒత్తిడితో పెడితే వచ్చేది 50 కిలోలే. బలం మూడో వంతు కూడా లేదు, ప్రమాదం మాత్రం ఎన్నో రెట్లు. ఎందుకంటే ఆయిల్ నలగదు, పిస్టన్ కదలగానే ఒత్తిడి పడిపోతుంది. గాలి నలిగి స్ప్రింగులా కూర్చుంటుంది, పిస్టన్ వదిలిన క్షణంలో బుల్లెట్‌లా తోస్తుంది. వేళ్లు అడ్డం ఉంటే నలిగిపోతాయి. పాస్కల్ సూత్రం రాసి రెండు మార్కులు తెచ్చుకున్నవాళ్లందరికీ ఈ తేడా ముందే తెలిసి ఉండాల్సింది, ఎవరూ అడగలేదు అంతే.

కాబట్టి ప్యాడ్లు తీసేసి, కాలిపర్‌ను డిస్క్ నుంచి విప్పి, పైపు మాత్రం ఉంచి, ఎదురుగా ఒక చెక్కముక్క అడ్డుపెట్టి లివర్‌ను నెమ్మదిగా పంప్ చేయండి. రెండు పిస్టన్లున్న కాలిపర్ అయితే తేలిగ్గా ఉన్నది బయటికొచ్చేసి బిగుసుకున్నది నవ్వుతూ కూర్చుంటుంది. తేలికైనదాన్ని క్లాంప్‌తో పట్టి ఉంచితే ఒత్తిడంతా రెండోదానికి పోతుంది. పిస్టన్ కొన్ని మిల్లీమీటర్లు బయటికి రాగానే ఆపి, పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లు లేదా బ్రేక్ క్లీనర్‌తో చుట్టూ కడగండి. ప్యాడ్ల పొడిని గాలితో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడిగాక బ్రేక్ ఆయిల్ చుక్క రాసి, పైన ఆయిల్ డబ్బా మూత తీసి, పొంగకుండా కాస్త ఆయిల్ తోడేసి, అప్పుడు బొటనవేళ్లతో నిటారుగా నొక్కండి. ఒకవైపు వాలితే మళ్లీ ఇరుక్కుంటుంది. రెండు మూడుసార్లు బయటికి, లోపలికి ఆడిస్తే చాలామటుకు వేళ్లకే లొంగుతుంది.

లొంగకపోతే పూర్తిగా విప్పాలి. పిస్టన్ మీద గుంటలు పడి, పైపూత లేచిపోయి ఉంటే దాన్ని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేద్దామనే ఆలోచన మానుకోండి, ఆ గీతలే రేపు సీల్‌ను కోస్తాయి. కొత్త పిస్టన్, సీల్ కిట్ వేసుకోవాలి. పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు, ఆ తుప్పు స్ప్రేలు, వీటిలో ఏదీ ఈ రబ్బరుకు తగలకూడదు. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతిది, దానికి సరిపడే రబ్బరే ఇక్కడ వాడతారు. పెట్రోలియం నూనె తగిలితే అది ఉబ్బుతుంది. అంటే స్ప్రే కొడతామన్న మా తమ్ముళ్లు జబ్బుకు మందు పేరుతో విషం పోస్తున్నారు. బ్రేక్ ఆయిల్ ట్యాంకు పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి, నీళ్లలో కలిసిపోతుంది.

ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అన్నీ బిగించాక బండి ఎక్కే ముందు లివర్‌ను పంప్ చేసి గట్టిపడిందని చూసుకోవాలి. పిస్టన్ వెనక్కి పోయి ఉంది కాబట్టి మొదటి నొక్కుకు లివర్ హ్యాండిల్‌కు తగులుతుంది, బ్రేకు పడదు. ఆ సందుల్లో అలా బయల్దేరితే ఎదురుగా ఎవరుంటారో చెప్పలేం. మొదటిసారి చేసేవాళ్లు పని తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి, బోల్టులు కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించండి. కారు వెనక చక్రాల జోలికి తెలియకుండా పోవద్దు. హ్యాండ్ బ్రేకు కలిసిన కాలిపర్లు చాలావాటిలో పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, సి-క్లాంప్ వేసి నొక్కితే లోపలి మెకానిజం విరుగుతుంది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

‘ఇదంతా నేర్చుకుంటే ఉద్యోగమొస్తుందా అన్నా?’ ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. రాదు. ఒక్క కాలిపర్ విప్పినందుకు ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. కానీ ఇంటర్వ్యూలో ‘మీరు ఎదుర్కొన్న ఒక కష్టమైన సమస్య చెప్పండి’ అన్నప్పుడు గాలిలో చేతులు తిప్పే వందమంది మధ్య, ‘ముందు నిప్పుల్ వదులు చేసి చూశానండి, ఎందుకంటే...’ అని మొదలుపెట్టే ఒకరు ఎలా వినిపిస్తారో ఊహించుకోండి. ఆ ‘ఎందుకంటే’ దగ్గరే ఎదుటివాళ్లు ల్యాప్‌టాప్ మీద నుంచి తలెత్తుతారు. దానికి మీ దగ్గర ఒక పేజీ కాగితం ఉండాలి. బండి ఏం ఇబ్బంది పెట్టింది, ఏమేం అనుమానించారు, ఏ వరసలో ఒక్కొక్కదాన్ని తప్పించారు, ప్యాడ్ల మందం వెర్నియర్‌తో ఎంత వచ్చింది, లోపల ఏం దొరికింది, బాగుచేశాక ఏం మళ్లీ కొలిచారు. ఫోన్లో నాలుగు ఫొటోలు. కొన్న ప్రాజెక్టుకు ఈ పేజీ రాయలేరు, రాసినా రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

బ్రేకుల రంగం చిన్నదనుకోవద్దు. మన నగరంలోనే హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం, హ్యుందాయ్ మోబిస్, జెడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. ప్యాడ్లు, లైనింగులు చేసే రాణే వాళ్లకు హైదరాబాద్‌లో ప్లాంటుంది. చెన్నైలో బ్రేక్స్ ఇండియా 1962 నుంచి ఇదే పనిలో ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక బ్రేకు అంటే సగం హైడ్రాలిక్స్, సగం సాఫ్ట్‌వేర్. ఏబీఎస్ కోడ్ రాసేవాడికి సీల్ ఎలా సాగుతుందో తెలిస్తే మంచిదా, తెలియకపోతే మంచిదా? ‘ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి కదా, ఇదంతా పాతబడిపోతుంది’ అనేవాళ్లకు ఒక విడ్డూరం చెప్పాలి. రీజెనరేటివ్ బ్రేకింగ్ ఉన్న వాహనాల్లో మోటారే వేగం తగ్గించేస్తుంది కాబట్టి డిస్క్ బ్రేకు తక్కువ వాడతారు. వాడని పిస్టన్, వాడని పిన్ను ఇంకా తొందరగా బిగుసుకుంటాయి. జబ్బు పోలేదు, కారణం మారింది.

కాలేజీల మీద నాకు కోపం ఉంది, దాచుకోను. మొదటి సంవత్సరం వర్క్‌షాప్‌లో ఇప్పటికీ ఇనుప ముక్కకు వి ఆకారం కోసి ఆకురాయి పట్టిస్తున్నారు. నేను చదివిన చోట ఆటోమొబైల్ ల్యాబ్‌లో ఇంజిన్‌ను సగానికి కోసి ఎర్రరంగు, పసుపురంగు పూసి అద్దాల పెట్టెలో పెట్టారు. నాలుగేళ్లలో ఆ పెట్టె తాళం తీయగా చూడలేదు. తనిఖీ బృందం వచ్చిన రోజు మాత్రం దుమ్ము దులిపారు. సెమిస్టరుకు నలుగురు విద్యార్థులకు ఒక పాత కాలిపర్ ఇచ్చి ‘దీని జబ్బు కనిపెట్టి రాసుకురండి’ అంటే యూనివర్సిటీకి అయ్యే ఖర్చు ఎంత? బాజా లాంటి విద్యార్థి పోటీల్లో పాల్గొన్నవాళ్లను అడగండి. నాలుగు చక్రాలూ లాక్ అయ్యేలా బ్రేకు పడితేనే బండిని రేసులోకి రానిస్తారు. రాత్రంతా లైన్లో గాలి బుడగ ఎక్కడుందో వెతికినవాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ అలాంటి టీముల్లో చోటు దొరికేది కాలేజీకి పాతిక మందికి, మిగతావాళ్లో?

మిగతావాళ్లకు దారులు లేకపోలేదు. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ శంకర్‌రామ్ చెప్పిన ఆటోమోటివ్ సిస్టమ్స్ కోర్సు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉంది, బ్రేకుల భాగం చూడండి. డిగ్రీ, డిప్లొమా అయినవాళ్లు నాట్స్ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, స్టైపెండ్ ఇస్తారు. మన రాష్ట్రంలో 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. దానికి శంకుస్థాపన జరిగిన మల్లేపల్లి ఐటీఐ బేగంబజార్‌కు పెద్ద దూరమేం కాదు. బీటెక్ చదివి ఐటీఐ గేటు దగ్గరికి వెళ్లడమేంటి అనిపిస్తే ఆ సిగ్గును కాస్త పక్కన పెట్టాలి.

సిగ్గు సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా. ఆ ఉస్తాద్ లాంటివాళ్ల దగ్గర పదేళ్ల వయసు నుంచి స్పానర్ పట్టిన చేతులున్నాయి, కాగితం లేదు. మన దగ్గర కాగితం ఉంది, చేతులు లేవు. చదువుకోకుండా వచ్చిన నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్పీఎల్ అనే ఏర్పాటు కేంద్రం స్కిల్ ఇండియాలో ఉంది. చాలామంది మెకానిక్‌లకు ఆ పేరే తెలియదు, తెలిసినా ఆన్‌లైన్ ఫారం దగ్గర ఆగిపోతారు. మీరు వాళ్ల షెడ్డులో నాలుగు ఆదివారాలు కూర్చుని పని నేర్చుకుంటే, బదులుగా ఆ ఫారం నింపిపెట్టండి. గురుదక్షిణ అని పెద్ద పేరు పెట్టక్కర్లేదు, ఇచ్చిపుచ్చుకోవడం.

మొదలుపెట్టడానికి నడిచే బండి కూడా అక్కర్లేదు. పాత ఇనుము దుకాణంలో ఒక తుక్కు కాలిపర్ అడగండి, కిలో లెక్కన ఇస్తారు. బేగంబజార్‌లో ఒక హ్యాక్సా బ్లేడు, చిన్న సి-క్లాంప్, ఇత్తడి బ్రష్షు కొనుక్కోండి. పిస్టన్ బయటికి తీశాక కాలిపర్‌ను నిలువునా కోసి ఆ సీల్ గాడిని చూడండి. గాడి అడుగు సమానంగా ఉందా, ఒకవైపు వాలుగా ఉందా? వాలు ఉంటే ఎటువైపు, ఎందుకు? కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి, నాకు పంపే రెజ్యూమెతో పాటు అది కూడా పంపండి.